కుదురు లేని పిల్లలు, తొందరపడే బడులు

ఎల్‌కేజీలో చేరి మూడు నెలలు తిరక్కముందే బడి నుంచి ఫోను వస్తుంది. "మేడమ్, ఒకసారి వచ్చి కలవండి" అంటారు. వెళ్తే చెప్పేది ఇదీ: బాబు సీట్లో కూర్చోడు, పక్కవాళ్ల పెన్సిళ్లు లాక్కుంటాడు, లైన్లో నిలబడలేడు, రైమ్స్ అందరికన్నా ముందే అప్పజెబుతాడు గానీ నాలుగు అక్షరాలు రాయమంటే బల్ల కింద దూరతాడు. "ఏడీహెచ్‌డీ ఏమో, ఒకసారి డాక్టరుకి చూపించండి" అని చివర్లో ఒక మాట వదులుతారు. ఇంటికొచ్చి చెబితే నానమ్మ కొట్టిపారేస్తుంది: "వీళ్ల నాన్న చిన్నప్పుడు ఇంతకు రెండింతలు. మగపిల్లాడన్నాక ఆ మాత్రం అల్లరి ఉండదూ?" తండ్రి ఫోన్లో లక్షణాలు వెతుక్కుంటూ కూర్చుంటాడు. తల్లికి ఆ రాత్రి కంటిమీద కునుకుండదు, తప్పంతా తన పెంపకంలోనే ఉందేమోనని.

నానమ్మ మాటలో ఆమెకు తెలియని శాస్త్రం ఉంది. కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఏడీహెచ్‌డీ (శ్రద్ధలోపం, అతిచురుకు) లక్షణాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు 74 శాతం జన్యువుల వల్ల వచ్చేదే. నాన్న కూడా అలాగే ఉండేవాడంటే పిల్లాడికి ఏమీ లేదని అర్థం కాదు; నాన్నకూ ఉండి ఉండవచ్చని అర్థం. తల్లి భయానికి మాత్రం ఆధారం లేదు. పెంపకం వల్ల ఏడీహెచ్‌డీ రాదు. వచ్చాక పిల్లాడి రోజు ఎలా గడుస్తుందన్నదాంట్లో మాత్రం పెంపకానికి పెద్ద పాత్రే ఉంది.

నాలుగైదేళ్ల పిల్లాడి విషయంలో ఈ అనుమానం వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్న ప్రశ్నకు వైద్యం, బడి, చట్టం తలా ఒక జవాబు చెబుతున్నాయి. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు స్పష్టమైంది ఒకటే. ఈ వయసులో జబ్బు పేరు ఖాయం చెయ్యడానికి తొందర లేదు. సాయం మొదలుపెట్టడానికి మాత్రం ఒక్క నెల కూడా ఆగక్కర్లేదు. మన దగ్గర జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. పేరు ఇరవై నిమిషాల్లో పెడుతున్నారు, సాయం ఏళ్లు గడిచినా అందడం లేదు.

ఇది సెల్‌ఫోన్లతో పుట్టుకొచ్చిన జబ్బని చాలామంది అనుకుంటారు. 1798లోనే అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఒకచోట నిలవని మనసు గురించి రాశాడు. 1902లో లండన్‌లో పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్, తెలివితేటలకు లోటు లేకపోయినా తమను తాము పట్టి ఉంచుకోలేని పిల్లల గురించి వరసగా ఉపన్యాసాలిచ్చాడు. ఆయన దాన్ని నైతిక నియంత్రణ లోపమన్నాడు. 1968లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో దీన్ని అతిచలనంగా చేర్చింది. 1980లో దృష్టి శ్రద్ధ మీదికి మళ్లింది. 1987లో రెండూ కలిసి ఇప్పటి పేరు స్థిరపడింది. నీతి నుంచి కాళ్లూ చేతులకు, అక్కణ్ణుంచి మెదడుకు రావడానికి వైద్యానికి ఎనభై ఏళ్లు పట్టింది. మన చుట్టాల్లో సగం మంది ఇంకా 1902లోనే ఉన్నారు. పిల్లాడు కావాలనే చేస్తున్నాడనీ, నాలుగు తగిలిస్తే దారికొస్తాడనీ వాళ్ల నమ్మకం.

ఈ నమ్మకానికి గట్టి జవాబు 2007లో వచ్చింది. అమెరికా పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది పిల్లల్నీ, లేని అంతమందినీ స్కానింగుల్లో పోల్చి చూశారు. మెదడు పైపొర మందం పతాకస్థాయికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున ఏడున్నరేళ్లు, వీళ్లలో పదిన్నర. ఎదిగే క్రమం అదే, మూడేళ్లు వెనకగా నడుస్తోంది. ఆలోచనకు, నిగ్రహానికి సంబంధించిన ముందు భాగాల్లో ఈ ఆలస్యం మరీ ఎక్కువగా కనిపించింది. అయితే ఇవి వందలమంది సగటు లెక్కలు. ఒక్క పిల్లాడి స్కానింగు చూసి ఇతనికి ఉందనో లేదనో చెప్పే విద్య ఇంకా ఎవరి దగ్గరా లేదు. రక్తపరీక్షా లేదు. బ్రెయిన్ మ్యాపింగుతో తేల్చేస్తామని ఎవరైనా అంటే ఆ డబ్బు ఇంట్లోనే ఉంచుకోండి.

మరి దేన్నిబట్టి తేలుస్తారు? అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ గ్రంథానికి 2013లో వచ్చిన ఐదో కూర్పు ప్రకారం శ్రద్ధకు సంబంధించినవి తొమ్మిది, అతిచురుకు, ఆవేశాలకు సంబంధించినవి తొమ్మిది లక్షణాలున్నాయి. పిల్లల్లో ఏదో ఒక వరసలో కనీసం ఆరు, కనీసం ఆరు నెలలుగా, వయసుకు తగని స్థాయిలో ఉండాలి. వాటిలో కొన్ని పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. ఒక్కచోట కాదు, ఇంట్లోనూ బడిలోనూ, కనీసం రెండు చోట్ల కనిపించాలి. వాటివల్ల పిల్లాడి బతుకు నిజంగా ఇబ్బంది పడుతుండాలి. బడిలో మాత్రమే కుదురు లేకుండా, తాతగారి ఊళ్లో గంటసేపు మట్టితో ఇల్లు కట్టే పిల్లాడి విషయంలో ముందు చూడాల్సింది బడినే.

ఆ "వయసుకు తగని" అన్న ఒక్క మాటలోనే చిక్కంతా ఉంది. నాలుగేళ్లవాడు కుర్చీలో కదులుతాడు, మాటకు అడ్డొస్తాడు, వంతు వచ్చేదాకా ఆగలేడు. ఆ వయసే అంత. ఎంతమేరకు సహజం, ఎక్కడ గీత దాటింది అన్నది చూసేవాళ్ల కొలబద్ద మీద ఆధారపడుతుంది. 2007లో ప్రపంచదేశాల అధ్యయనాలన్నీ కలిపి లెక్కిస్తే నూటికి ఐదుగురు పిల్లలకు ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. 2013లో కోయంబత్తూరు ప్రాథమిక పాఠశాలల్లో 770 మందిని చూస్తే 11.32 శాతం వచ్చింది. తమిళనాట పిల్లలు ప్రపంచంకన్నా రెండింతలు అల్లరివాళ్లని కాదు. కొలిచే పద్ధతి మారితే అంకె ఇంతలా మారుతుంది.

మన తెలుగు బడులకు నేరుగా తగిలే పరిశోధన ఇంకొకటుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో డిసెంబరు 31 నాటి వయసునుబట్టి తరగతిలో చేర్చుకుంటారు. అంటే డిసెంబరులో పుట్టినవాడు తరగతిలో అందరికన్నా చిన్నవాడు, జనవరిలో పుట్టినవాడు అందరికన్నా పెద్దవాడు. తొమ్మిది లక్షల పైచిలుకు పిల్లల వివరాలు తీసి 2012లో చూస్తే, డిసెంబరు మగపిల్లలకు జనవరి మగపిల్లలకన్నా 30 శాతం ఎక్కువగా, ఆడపిల్లలకు 70 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ ముద్ర పడింది. 2018లో అమెరికాలోనూ ఇదే తేలింది. సెప్టెంబరు ఒకటిని గడువుగా పెట్టుకున్న రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టి తరగతిలో చిన్నవాళ్లైన పిల్లలకు, సెప్టెంబరులో పుట్టినవాళ్లకన్నా నిర్ధారణ 34 శాతం ఎక్కువ. చిన్నతనాన్ని జబ్బనుకున్నారన్నమాట.

అక్కడైనా చేరికకు ఒక తేదీ ఉంది. ఇక్కడో? ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మన వీధి చివరి ప్రైవేటు బడి రెండున్నరేళ్లకే నర్సరీలో కూర్చోబెడుతుంది. ఏడాది కలిసొస్తుందని తల్లిదండ్రులూ సంబరపడతారు. ఒకే ఎల్‌కేజీ గదిలో మూడున్నరేళ్లవాడూ నాలుగున్నరేళ్లవాడూ పక్కపక్కన కూర్చుని రెండుగీతల కాపీలో అక్షరాలు దిద్దుతుంటారు. ఆ వయసులో ఒక ఏడాది అంటే పిల్లాడు బతికిన కాలంలో నాలుగోవంతు. అందుకే బడి నుంచి ఫిర్యాదు రాగానే నేనైతే ముందు అడిగేది ఒకటే: బాబు పుట్టిన నెల ఏది, తరగతిలో సగటు వయసెంత? ఒక ఏడాది ఆగి చేర్పిస్తే చాలావరకు తీరిపోయే ఇబ్బందిని థెరపీ సెంటర్ల చుట్టూ తిప్పడం ఆ పిల్లాడికి చేసే అన్యాయం.

భాష సంగతీ ఇలాంటిదే. ఇంట్లో తెలుగో, లంబాడీయో, కోయో, ఉర్దూయో వింటూ పెరిగిన పిల్లాణ్ణి రోజంతా ఇంగ్లిషు మాటల మధ్య కూర్చోబెడతారు. అర్థంకాని మాట మీద ఎంతసేపు మనసు నిలుస్తుంది? మనల్ని తెలియని భాషలో జరిగే సమావేశంలో మూడు గంటలు కూర్చోబెడితే మనమూ కిటికీలోంచి బయటికే చూస్తాం. ఇంటి భాషలో చెప్పినప్పుడు కూడా శ్రద్ధ అలాగే జారిపోతుందా అని చూడకుండా మూల్యాంకనం పూర్తయిందనుకోకూడదు.

తర్వాత ఒళ్లు. చెవిలో నీరు చేరి సగమే వినిపించే పిల్లాడు చెప్పిన మాట విననివాడిలాగే కనిపిస్తాడు. బోర్డు కనబడనివాడు పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తాడు. ముక్కు వెనక ఎడినాయిడ్లు పెరిగి, రాత్రంతా గురకపెడుతూ నోటితో ఊపిరి తీసుకునే పిల్లాడు పగలు మగతగా ఉండడు, చిరాగ్గా, గంతులు వేస్తూ ఉంటాడు. కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఒకరకం మూర్ఛను టీచర్లు పరధ్యానమనుకుంటారు. రక్తహీనత మాట చెప్పనే అక్కర్లేదు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి అది ఉంది. ఇనుము తక్కువైన పిల్లాడికి శ్రద్ధ నిలవదు. కాబట్టి మొదటి మెట్టు మానసిక వైద్యుడు కాదు, మీ పిల్లల డాక్టరే. చెవి, కన్ను, నిద్ర, రక్తం, మాటల ఎదుగుదల ఆయన చూడాలి. ఆటిజం, బుద్ధిమాంద్యం, ఇంట్లో గొడవలు, ఏదైనా భయపెట్టిన సంఘటన, వీటన్నిటి గురించీ అడగాలి.

అవన్నీ దాటాక పిల్లల మానసిక వైద్యుడు, లేదా ఎదుగుదల సమస్యలు చూసే పిల్లల వైద్యుడు, ఆయనతోపాటు క్లినికల్ సైకాలజిస్టు. మంచి మూల్యాంకనంలో మూడొంతులు మాటలే ఉంటాయి. గర్భంలో ఉన్నప్పటి నుంచి ఇప్పటిదాకా కథ, అమ్మ ఒక పట్టిక, టీచరు ఒక పట్టిక, పిల్లాడితో ఆట. రెండు మూడు సార్లు పిలవాలి. కొత్తచోట, కొత్తమనిషి ఎదుట ఏ పిల్లాడైనా పావుగంట బుద్ధిగానే కూర్చుంటాడు. డాక్టరు గదిలో కుదురుగా ఉన్నాడని "మీ వాడికేం లేదమ్మా" అని పంపెయ్యడమూ, ఫ్యాను స్విచ్చి నాలుగుసార్లు నొక్కాడని పేరు పెట్టెయ్యడమూ రెండూ తప్పే. భారతీయ పిల్లల కోసం ఇన్‌క్లెన్ బృందం తయారుచేసి 2014లో ప్రచురించిన నిర్ధారణ సాధనం కూడా ఆరు నుంచి తొమ్మిదేళ్లవాళ్లకే. ఆరేళ్లలోపు పిల్లలకు అన్నివిధాలా కుదిరే కొలబద్ద మన దగ్గర తక్కువ. అందుకే ఈ వయసులో నిజాయితీగల డాక్టరు "ప్రస్తుతానికి ఇలా కనిపిస్తోంది, ఈ పనులు చేద్దాం, ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దాం" అంటాడు. దాన్ని దాటవేత అనుకోకండి. అదే సరైన వైద్యం.

ఎక్కడికి వెళ్లాలన్నది ఊరినిబట్టి మారుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలోని 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లల్ని ఒకసారి వైద్యబృందం చూసి, అవసరమైనవాళ్లను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. కాగితం మీద ఇది ఎంతో మంచి ఏర్పాటు. గ్రహణమొర్రి, మెల్లకన్ను, గుండె జబ్బు ఈ చూపులో బయటపడతాయి. శ్రద్ధ ఎక్కడ జారుతోందో ఐదు నిమిషాల్లో దొరకదు. అయినా ఆ కేంద్రానికి వెళ్లి అడిగే హక్కు మీకుంది, ఖర్చూ లేదు. హైదరాబాద్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, సికింద్రాబాద్ బోయినపల్లిలో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ మేధోవైకల్య సంస్థ ఉన్నాయి. ఉత్తరాంధ్రవాళ్లకు విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కాలనీకొకటిగా వెలుస్తున్న థెరపీ సెంటర్ల విషయంలో ఒక జాగ్రత్త. వాటిలో అంకితభావంతో పనిచేసేవాళ్లున్నారు, మూడు నెలల ప్యాకేజీలు అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లక్కర్లేదు. గదిలోకి పిల్లాణ్ణి ఒక్కణ్ణే తీసుకెళ్లి తలుపు వేసేసి, తల్లిదండ్రులకు ఏమీ నేర్పకుండా పంపించే చోట డబ్బు పెట్టడం దండగ.

ఎందుకంటే ఈ వయసులో అన్నిటికన్నా ఎక్కువ ఆధారం ఉన్న చికిత్స తల్లిదండ్రులకిచ్చే శిక్షణే. 2018 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు ఐదేళ్లలోపు పిల్లలకు మొదట ఇదే అంటాయి. నాలుగు నుంచి ఆరేళ్లలోపువారికి అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో ఇదే చెప్పింది. పేరు ఖాయం అయ్యేదాకా దీనికి ఆగక్కర్లేదు. చివరికి ఏడీహెచ్‌డీ కాదని తేలినా దీనివల్ల నష్టం లేదు. శిక్షణ అంటే తల్లిదండ్రుల్ని తప్పుబట్టడమని కొందరు నొచ్చుకుంటారు. మామూలు పిల్లలకు మామూలు పెంపకం సరిపోతుంది, వీళ్లకు కాస్త ప్రత్యేకమైన నేర్పు కావాలి, అంతే.

అందులో ఏముంటుందో మన ఇంట్లో పెట్టి చూద్దాం. బడి నుంచి రాగానే ఒక్క ఊపిరిలో "చెప్పులు విప్పు, బ్యాగు అక్కడ పెట్టు, చేతులు కడుక్కో, యూనిఫాం మార్చుకో" అంటాం. ఈ పిల్లాడి దగ్గర మొదటి మాట మాత్రమే చేరుతుంది, అదీ చేరితే. దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యివేసి, ముఖంలోకి చూస్తూ ఒక్కటే చెప్పాలి. అది చేశాక రెండోది. చేసిన వెంటనే, ఏం చేశాడో పేరుపెట్టి మెచ్చుకోవాలి: "చెప్పగానే చెప్పులు స్టాండులో పెట్టావు, భలే." ఎదురుగా పొగిడితే ఆయుక్షీణమని మనకో నమ్మకం. ఈ ఒక్క నమ్మకాన్ని ఈ పిల్లల కోసం పక్కన పెట్టమని చేతులు జోడించి అడుగుతున్నాను. రోజంతా "వద్దు, కూర్చో, ఆగు, ఛీ" తప్ప ఇంకో మాట వినని పిల్లాడికి మంచిగా ఉండటం వల్ల ఏం దక్కుతుందో ఎప్పటికీ తెలియదు. చిన్న అల్లరిని చూడనట్టు ఊరుకోవడం, ప్రమాదకరమైనదాన్ని వెంటనే ప్రశాంతంగా ఆపడం, లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ మారకుండా చూడటం, బొమ్మల పట్టికలో నక్షత్రాలు అంటించి సాయంత్రానికే చిన్న బహుమతి ఇవ్వడం, ఇవన్నీ కలిసి శిక్షణ. నెలాఖరుకు సైకిలు కొంటామంటే ఇతనికి పనికిరాదు. నెలాఖరు ఇతని లెక్కలో వచ్చే జన్మ.

మన ఇళ్లలో ఈ శిక్షణ అమ్మ ఒక్కతే నేర్చుకుంటే సగం పనే అవుతుంది. అమ్మ వద్దన్న ఫోను తాతయ్య చేతిలోంచి వస్తుంది. అమ్మమ్మ వెంటపడి టీవీ ముందు తినిపిస్తుంది. అమ్మ కష్టపడి నిలబెట్టిన నియమాన్ని నాన్న ఆఫీసు నుంచి వచ్చి అరగంటలో కరిగిస్తాడు. ఇంట్లో పెద్దలందరినీ కనీసం ఒక్కసారైనా ఆ శిక్షణ గదిలో కూర్చోబెట్టాలి. మన దగ్గర శిక్షణ ఇచ్చేవాళ్లు దీన్ని పద్ధతిగా చెయ్యాలి.

మందుల మాట. ఏడీహెచ్‌డీకి అన్నిటికన్నా ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. దీన్ని 1944లో స్విట్జర్లండ్‌లో తయారుచేశారు. పెద్ద పిల్లల్లో దీని ఫలితం గట్టిది. 1999లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 579 మందిని 14 నెలలు చూస్తే, జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ ఇచ్చిన మందు ప్రధాన లక్షణాలను బాగా తగ్గించింది. చిన్నపిల్లల్లో కథ వేరు. మూడు నుంచి ఐదున్నరేళ్లవాళ్ల మీద జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో మందు పనిచేసింది గానీ పెద్దవాళ్లలో పనిచేసినంత కాదు. చిరాకు, ఏడుపు, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం ఎక్కువయ్యాయి. నూటికి పదకొండు మంది దుష్ఫలితాలవల్ల మానేశారు. కాబట్టి ఆరేళ్లలోపు మొదటి సందర్శనలోనే చీటీ మీద ఈ మందు రాస్తే రెండో అభిప్రాయం తీసుకోండి. శిక్షణ నిజంగా చేశాక కూడా పిల్లాడు రోడ్డు మీదికి పరిగెత్తుతూ, ఒళ్లు గాయపరచుకుంటూ ఉంటే మాత్రం, మందు పేరు వినగానే పారిపోకండి. మత్తుమందుల చట్టం పరిధిలో ఉండటంవల్ల చీటీ లేనిదే ఇవ్వరు, అన్ని దుకాణాల్లో దొరకదు. దానర్థం పిల్లాడు బానిసవుతాడని కాదు. ఎత్తు, బరువు, నాడి, ఆకలి చూస్తూ నిపుణుడు ఇచ్చినంతకాలం ఇది బాగా తెలిసిన మందే. పంచదార మానిపిస్తే తగ్గుతుందన్నది మాత్రం నిజం కాదు. 1995లోనే అధ్యయనాలన్నీ కలిపి చూసి పంచదారకూ పిల్లల ప్రవర్తనకూ సంబంధం లేదని తేల్చారు. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోండి, దానికోసం చెవి పరీక్ష వాయిదా వెయ్యకండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది బడి. "మా వల్ల కాదు, టీసీ తీసుకెళ్లండి" అన్న మాట ఐదేళ్ల పిల్లాడి తల్లి ఎందుకు వినాల్సి వస్తోంది? 2009 విద్యాహక్కు చట్టం కొట్టడాన్ని, మనసు గాయపరచడాన్ని, బడినుంచి గెంటెయ్యడాన్ని నిషేధించింది. కానీ ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్లవాళ్లకు. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు ఆ గొడుగు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం ఉంది, నేర్చుకోవడంలో ప్రత్యేక వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. దేశమంతా తిరిగి పిల్లల్ని వెతికి పట్టుకునే ఆరోగ్య పథకం జాబితాలో ఉన్న సమస్య, ఆ పిల్లల్ని కాపాడే చట్టం జాబితాలో లేదు. ఇది సరిదిద్దాల్సిన లోపం.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తల్లి ఒక ఉత్తరం రాసిస్తే ప్రభుత్వ బడే ఆ కోరికను పరిశీలించాలి. అవసరం ఉందని తోస్తే తన ఖర్చుతో పరీక్షించాలి. మూడేళ్ల వయసు నుంచే ఆ హక్కు ఉంది. అక్కడి ప్రత్యేక విద్య నిబంధనల్లో ఏడీహెచ్‌డీ పేరుపెట్టి మరీ ఉంది. అయినా ఊళ్లో చుట్టాలకు తెలుస్తుందని ఆ ఉత్తరం రాయడానికి వెనకాడే మనవాళ్లున్నారు. చట్టం ఉన్నచోట సిగ్గు అడ్డమొస్తోంది, సిగ్గు దాటినచోట చట్టం లేదు.

టీచరుకు ఖర్చులేని పనులు ఎన్నో ఉన్నాయి. ముందు వరసలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టడం, పావుగంటకోసారి నోటుపుస్తకాలు పంచే పని చెప్పి లేపడం, పది లెక్కలకు బదులు ఐదు ఇవ్వడం, డైరీలో రోజుకొక మంచి మాట రాయడం. యాభైమంది ఉన్న గదిలో ఇవి సులువని నేననను. కానీ రోజంతా అతని మీద అరుస్తూ ఉండటం ఇంతకన్నా సులువేమీ కాదు.

ఆడపిల్లల గురించి ఒక మాట. వాళ్లు బల్లలెక్కరు కాబట్టి బడి నుంచి ఫోను రాదు. కిటికీ పక్కన కూర్చుని, టిఫిన్ బాక్సు, రబ్బరు, స్వెటరు రోజుకొకటి పోగొట్టుకునే పాపను మతిమరుపు పిల్ల అంటాం, అంతటితో వదిలేస్తాం. చాలామంది విషయం ఏ ఏడో తరగతిలోనో మార్కులు పడిపోయాక తెలుస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ వేళకు, ఎక్కడ, ఏం జరిగింది, అంతకుముందు ఏం జరిగింది, మీరేం చేశారు, ఎంతసేపట్లో తగ్గింది రాయండి. ఎన్ని గంటలు నిద్రపోయాడో, గురక పెట్టాడో లేదో రాయండి. ఏ పనిలో కుదురుగా ఉన్నాడో అదీ రాయండి, అది మరిచిపోవద్దు. టీచర్ని బతిమాలి అయినా సరే, ఆవిడ చూసినదాన్ని ఒక పేజీలో రాయించుకోండి. ఆ రెండూ డాక్టరు బల్లమీద పెట్టి, ఆయన వాటిని చదివేదాకా కుర్చీలోంచి లేవకండి.